ఐదో నంబరు ఫ్లై రాడ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఐదో నంబరు ఫ్లై రాడ్ (ఈకల ఎరతో చేపలు పట్టే గాలపు కర్ర) గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం. లీడర్ (లైనుకీ ఎరకీ మధ్య కట్టే సన్నపోగు) ఒక్కటే క్షేమంగా లేదు. పొద్దుట్నుంచి దానికి మూడు ముళ్లు పడ్డాయి, పెళ్లి మాత్రం జరగలేదు.

తమరి పొడవు తొమ్మిదడుగులు, బిరుదు ‘అన్నిటికీ పనికొచ్చే రాడ్’. ఆ బిరుదు ఇచ్చినవారు ఎవరో గానీ, ట్రౌట్ చేపల ఏటి గట్టున కూర్చుని ఇచ్చి ఉంటారు. పదహారో సైజు బుల్లి కొక్కేనికి నాలుగు ఈకపోగులు చుట్టిన ఫ్లైని (అంటే పురుగులా కనబడే ఎరని) నలభై అడుగుల దూరాన పువ్వు రాలినట్టు దించడంలో తమరికి సాటి లేదు, ఒప్పుకుంటాం. అయితే ఇవాళ తమరిని తెచ్చింది కలువాకులు కమ్మిన మడుగు దగ్గరికి, లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్ద నోటి చేప కోసం. కొసన వేలాడుతున్నది జింక వెంట్రుకలతో కట్టిన లావుపాటి ఫ్లై, పేరు బగ్.

దాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. 1/0 సైజు పెద్ద కొక్కెం. దాని కాడ మీద పెన్సిల్ లావు వెంట్రుకల కట్ట పెట్టి దారం బిగిస్తే వెంట్రుకలు లేచి చుట్టూ విచ్చుకుంటాయి. ఒక కట్ట పక్కన ఇంకో కట్ట అదిమి అదిమి పెట్టి, ఆఖర్న బ్లేడుతో చెక్కుతారు. ముఖం చదును చేస్తారు, లాగినప్పుడు నీళ్లు గుటక వేసినట్టు చప్పుడు రావాలని. వెనక ఈకల తోక, పక్కల రబ్బరు కాళ్లు, నాచులో చిక్కకుండా కొక్కెం ముందు మందపాటి నైలాన్ కమాను. వెంట్రుకల్లో గాలి ఉంటుంది కాబట్టి తేలుతుంది. పొడిగా ఉన్నప్పుడు తూకం వేస్తే పెద్దగా ఏమీ ఉండదు. వాపే గానీ బలుపు కాదు. తమరి కొంప ముంచేది ఆ వాపే.

ఎందుకో తమరికి తెలియదని కాదు, మరిచిపోయారని గుర్తు చేస్తున్నాం. స్పిన్నింగ్ రాడ్ విసిరేది ఎర బరువుని. ఫ్లై రాడ్ విసిరేది లైను బరువుని. ఫ్లై ఆ లైను వెనకాల ఊరికే వెళ్లే ప్రయాణికుడు. గాలిలో లూప్ (లైను మడత) విచ్చుకుంటూ వెళ్లి, లైనులోని ఊపు లీడర్‌లోకి దిగి, లీడర్ ఫ్లైని బోర్లా తిప్పి ముందుకు పడెయ్యాలి. చిన్న ఫ్లైకి ఆ ఊపులో కాస్త చాలు. బగ్ మాత్రం గాలికి గొడుగు తెరిచినట్టు ఎదురు నిలబడుతుంది. తమరి లైను ఊపు సగం దారిలోనే ఆవిరైపోతుంది. లైను చక్కగా చాచుకుంటుంది, లీడర్ మాత్రం కుప్పగా కూలుతుంది, ఆ కుప్ప మీద బగ్ వచ్చి కూర్చుంటుంది. అప్పుడే బాస్ వచ్చి కొట్టినా ముందు నాలుగడుగుల వదులు లాగాలి. అంతసేపు నోట్లో పెట్టుకుని కూర్చోడానికి బాస్‌కి ఏం మొహమాటం?

లెక్క చూద్దాం. లైను నంబరంటే మొదటి 30 అడుగుల బరువు, గ్రెయిన్లనే చిన్న తూకంలో. ఐదో నంబరుకి 140 గ్రెయిన్లు, ఆరుకి 160, ఏడుకి 185, ఎనిమిదికి 210, తొమ్మిదికి 240. గ్రాముల్లో చెప్తే తమరిది తొమ్మిది చిల్లర, ఎనిమిదో నంబరుది పదమూడున్నర పైచిలుకు. సరిగ్గా ఒకటిన్నర రెట్లు. ఆ అదనపు సగం బరువే బగ్‌ని బోర్లా తిప్పేది. తమరి దగ్గర అది లేదు. భుజబలంతో భర్తీ చేద్దామని విసిరేవాడు చెయ్యి ఝాడిస్తాడు. ఝాడిస్తే రాడ్ కొస కిందికి వంగి లూప్ తనని తానే దాటుతుంది. పైన చెప్పిన మూడు ముళ్లూ అలా పడ్డవే. వాటికి ‘గాలి ముళ్లు’ అని పేరు పెట్టి గాలి మీదకి నెట్టేస్తారు. ఆడలేక మద్దెల ఓడు.

అందుకే బాస్ పనిలో ఎంపిక రాడ్‌తో మొదలు కాదు. ముందు ఫ్లై, తర్వాత దాన్ని మోసే లైను, ఆ లైనుని విసరగల రాడ్ ఆఖర్న. ఎనిమిది, ఆరు సైజుల చిన్న ఫోమ్ పాపర్లయితే (తేలుతూ చప్పుడు చేసే ఫ్లైలు) ఆరో నంబరు సరిపోతుంది, గాలి లేకపోతే తమరు కూడా నెట్టుకు రాగలరు. నాలుగో సైజుకి ఏడు. రెండు నుంచి 1/0 దాకా బగ్గులకి ఎనిమిది. 2/0 దాటినా, ఎదురుగాలి ఉన్నా, కలువ కాడల్లోంచి చేపని పెకలించాల్సి వచ్చినా తొమ్మిది. (లైను నంబరు పెరిగితే బరువు పెరుగుతుంది. కొక్కెం నంబరు పెరిగితే సైజు తగ్గుతుంది. ఒకటి దాటాక పక్కన సున్నా తగిలించి మళ్లీ పెరుగుతుంది. ఈ లెక్కలు పెట్టినవారికి బాస్ పట్టే తీరిక ఉండి ఉండదు.)

నంబరొకటే చాలదు, బరువు ఎక్కడుందో కూడా చూడాలి. ట్రౌట్ లైనులో ముందు భాగం పొడుగ్గా, సన్నగా తగ్గుతూ పోతుంది, సుతారంగా వాలడానికి. బాస్ లైనుకి బరువంతా ముందుకు తోసి, కొసన తక్కువ అడుగుల్లోనే సన్నబడేలా పోస్తారు. బాస్ వేటలో దూరాలు మహా అయితే ముప్ఫై నుంచి యాభై అడుగులు. హెడ్, అంటే లైను ముందున్న బరువు భాగం, పొట్టిగా ఉంటే రెండు ఊపుల్లోనే రాడ్ బరువందుకుంటుంది. ఇంకోటి, చన్నీటి కోసం చేసిన లైను ఎండలో మెత్తబడి రింగుల్లో అతుక్కుంటుంది. ఎండాకాలపు బాస్‌కి వేడి వాతావరణపు లైనే కావాలి.

ఇప్పుడు తమరి భక్తులు చెప్పే చిట్కా: ‘రాడ్ కంటే ఒక నంబరు పెద్ద లైను ఎక్కించు.’ ఒకప్పుడు మంచి మాటే. ఇప్పుడు చాలా బాస్ లైన్లని తయారీలోనే అర నంబరో, ఒక నంబరో బరువు చేసి అమ్ముతున్నారు. అట్ట మీద ఎనిమిదని ఉంటుంది, ముప్ఫై అడుగులు తూస్తే తొమ్మిది తూగుతుంది. ఆ రకంలోనే తొమ్మిదో నంబరు కొని ఎనిమిది రాడ్‌కి ఎక్కిస్తే అది నిజానికి పది, అంటే 280 గ్రెయిన్లు. రాడ్ తడి గుడ్డలా వేలాడుతుంది. అట్ట మీద గ్రెయిన్లు ఎన్నని రాశారో, ఎన్ని అడుగులకి రాశారో చదవండి. కొందరు మొత్తం హెడ్ బరువు వేస్తారు, అది ముప్ఫై అడుగుల బరువు కాదు. రాడ్ల సంగతి మరీ అన్యాయం. లైనుకైనా కొలత ఉంది, రాడ్ మీది అంకెకి అదీ లేదు. తయారుచేసినవాడికి ఏది తోస్తే అది. తమరి ఒంటి మీద ఉన్న ‘5’ కూడా అలా పడిందే, గర్వం తగ్గించుకోండి.

లీడర్ విషయంలోనూ తమరి ఇంటి అలవాట్లు చెల్లవు. తొమ్మిదడుగుల లీడర్, కొసన 5ఎక్స్ అనే సన్నటి టిప్పెట్ (లీడర్ చివరి పోగు) కట్టి బగ్ వేస్తే, బగ్ గిరగిరా తిరిగి టిప్పెట్ పురి ఎక్కి తాడులా ముడుచుకుంటుంది. ఏడున్నర అడుగులు చాలు. అందులో నాలుగున్నర అడుగులు 0.021 అంగుళాల లావుండే మొదటి భాగం, ఒకటిన్నర అడుగు మధ్యస్థం, ఒకటిన్నర అడుగు 12 నుంచి 16 పౌన్ల లాగుడు తట్టుకునే టిప్పెట్. మొదటి భాగం బిరుసుగా ఉంటేనే లైను ఊపు కొసదాకా వెళ్తుంది. పాపర్‌కి నైలాన్ కట్టాలి. ఫ్లోరోకార్బన్ మునిగి పాపర్ ముక్కుని కిందికి లాగుతుంది.

రాడ్ స్వభావం గురించి దుకాణంలో ‘ఫాస్ట్’ (కొస దగ్గరే వంగే బిరుసు రాడ్) అన్న మాట మంత్రంలా వినిపిస్తుంది. అక్కడ రాడ్‌ని ఊపి చూపించేది కొసన పిసరంత ఊలు పోగు కట్టి. ఊలు పోగుతో ఏ రాడైనా మహావీరుడే. బగ్ తీసుకెళ్లండి, కొక్కెం వంపు దగ్గర కత్తిరించి, దాన్ని కట్టి గడ్డి మీద విసిరి చూడండి. కొస మరీ బిరుసైన రాడ్ ఇరుకు లూప్ వేస్తుంది, అందులో బగ్ లైనుకి తగిలి చిక్కుపడుతుంది. నడుం దాకా వంగి, పిడి దగ్గర మాత్రం గట్టిగా నిలబడేది కావాలి. ఆ పిడి దగ్గరి బలమే కలువాకుల కిందికి దూరిన చేప తల తిప్పేది.

విసిరే తీరు కూడా మార్చాల్సిందే. లూప్ కాస్త వెడల్పుగా, చెయ్యి నిదానంగా. వెనక లైను చాచుకునేదాకా ఆగడం. ఆ ఆగడం తమరి దగ్గర నేర్చుకున్న దానికంటే ఎక్కువసేపు ఉంటుంది. గాలిలో పదిసార్లు ఊపితే బగ్ పీల్చిన నీళ్లన్నీ విసిరేవాడి మొహం మీదే. రెండు ఊపులు, మూడోది వదిలెయ్యడం. తడిసి బరువెక్కితే పిండి, తేలే మందు రాసి మళ్లీ వెయ్యాలి.

క్లౌజర్ మిన్నో జాతి వేరు. అమెరికాలోని సస్క్వెహానా నదిలో స్మాల్‌మౌత్ బాస్ కోసం బాబ్ క్లౌజర్ కట్టిన ఈ ఫ్లైకి తల దగ్గర డంబెల్ ఆకారపు సీసం కళ్లుంటాయి. ఇక్కడ తంటా గాలి కాదు, బరువు. నేరుగా నెత్తి మీదుగా విసిరితే ఏదో ఒక ఊపులో ఆ సీసం కళ్లు రాడ్‌కి తగులుతాయి. గ్రాఫైట్‌కి కంటికి కనబడని గాటు పడుతుంది. ఆ రోజు ఏమీ కాదు. నెల తర్వాత చిన్న చేప మీద ఫట్టుమని విరిగితే ‘నాసిరకం’ అంటారు. వెనక్కి పక్కవాటంగా, ముందుకు నెత్తి మీదుగా, ఎక్కడా ఆపకుండా గుండ్రంగా తిప్పి విసిరితే ఫ్లై రాడ్‌కి దూరంగా వెళ్తుంది.

ఆఖరి ఫిర్యాదు. బాస్ కొట్టగానే తమరు అలవాటు చొప్పున తల ఎత్తుతారు. ట్రౌట్‌కి అది మర్యాదే. బాస్‌కి లావు తీగ కొక్కెం గట్టి దవడలో దిగాలి, తమరేమో సుతారంగా వంగి ఆ బలమంతా మింగేస్తారు. రాడ్ నీటి వైపే ఉంచి, లైను చేత్తో బలంగా ఒక్క లాగు లాగి, ఆ తర్వాతే రాడ్ ఎత్తాలి.

తమరిని అటక మీద పెట్టడం లేదు. సన్‌ఫిష్ అనే చిన్న చేపలున్న నీళ్లలో తమరే మాకు దిక్కు.

ఇట్లు,
కలువాకుల ఒడ్డున లీడర్ విప్పుకుంటున్న
మీ విధేయులు

తా.క.: మేము ఎనిమిదో నంబరు రాడ్ కొన్నామని తెలిసి, ‘లైను నాది వాడుకోండి’ అని తమరు అన్నారట. వద్దు. 140 గ్రెయిన్లకి ఆ రాడ్ వంగను కూడా వంగదు.