బురదలో గెలాక్సీ

పల్లెటూళ్లలో కళకు ఆదరణ లేదని పట్నం పెద్దమనుషులు తెగ బాధపడిపోతుంటారు. వాళ్లెవరూ చీమకుర్తి దగ్గర మా ఊళ్లో బస్సు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, బడి దాకా నడిచిన పాపాన పోలేదు. అర కిలోమీటరు కూడా లేని ఆ కాలిబాట పక్కన నాలుగు శిలాఫలకాలున్నాయి. నాలుగూ ఆ బాట గురించే. బాట మాత్రం మట్టిదే.

రాయి ఆషామాషీది కాదు. నల్లటి ఒంటి మీద బంగారు రవ్వలు చల్లినట్టుండే గెలాక్సీ గ్రానైట్. మా చీమకుర్తి క్వారీల్లోంచి దేశాలు దాటి వెళ్లి, ఎవరెవరి హాళ్లలోనో నేలగా పరుచుకుంటుంది. అక్కడి వాళ్లు దాన్ని తొక్కుతారు. మేమలా చేయం. రాయిని నిలబెట్టి, పేర్లు చెక్కించి, పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి, బురద తొక్కుతాం. కళను కాలికింద వేసుకోకూడదన్న సంస్కారం మాది.

మొదటి ఫలకం సిమెంటు రోడ్డుకి శంకుస్థాపన. రెండోది అదే రోడ్డుకి తర్వాత వచ్చినవారు చేసిన శంకుస్థాపన. మూడోదాని మీద 'రెండో దశ' అని ఉంది. మొదటి దశ ఎక్కడుందో కనిపించాలంటే చూసేవాడికి కాస్త కళాహృదయం ఉండాలి. నాలుగోదాని మీద పదిహేడు పేర్లు. అట్టడుగున, వేలెడంత జాగాలో, 'మరియు గ్రామ ప్రజలు' అని ఊరు ఊరంతటినీ ఇమిడ్చారు. నగిషీ పనంటే అదీ! మా వైపే భైరవకోనలో ఒక్క కొండని తొలిచి ఎనిమిది గుహాలయాలు చేశారు. దశలవారీగా పని చేయడం పాపం ఆ కాలపు శిల్పులకు తెలియదు.

2024 మార్చి 16న ఎన్నికల కోడ్ రావడంతో మా ప్రదర్శన ఇంకో మెట్టెక్కింది. పేర్లు కనబడకూడదు కదా, నాలుగు రాళ్లకీ మైదా జిగురుతో పేపర్లు అంటించారు. విదేశాల్లో పెద్ద పెద్ద కట్టడాలకు గుడ్డ చుట్టి అదే కళ అంటారట. మాకది పంచాయతీ స్థాయిలోనే జరిగిపోయింది. తెల్లారేసరికి ఓ మేక మైదా రుచి మరిగి రెండో రాయి మీద పేపరు సగం నమిలేసింది. ఒక నాయకుడి ఇంటిపేరు బయటపడింది. అవతలి పార్టీ వాళ్లు ఫోటో తీశారు. మేక ఏ పార్టీ వాళ్లదో తేలేదాకా ఊళ్లో ఒకటే టెన్షన్.

ఇంత ప్రదర్శనలో ఏ ఫలకం మీదా పేరెక్కని కళాకారిణి ఒకరున్నారు. బడి మలుపులో ఉండే మా పెద్దమ్మ. పేడలో ఊక కలిపి, ముద్ద చేసి, గోడకేసి ఛట్టున కొడుతుంది. అయిదు వేళ్ల అచ్చు పడుతుంది. పక్కన ఇంకోటి. తాడు పట్టి కొలిచినట్టు వరస. మొన్న వాన వెలిశాక, గోడల మీద ప్రకటనలు రాసే పెయింటర్ డబ్బా, కుంచె పట్టుకుని వచ్చాడు.

"పెద్దమ్మా, ఈ పిడకలు తీసేయ్. గోడకి రంగెయ్యాల."

"యాడ తీసేది నాయనా, ఇంకా పచ్చిగా ఉండాయి. ఇంతకీ ఏం రాస్తావు?"

"సిమెంటు గురించి."

పెద్దమ్మ అతని కాళ్ల వంక చూసింది. పిక్కల దాకా బురద.

"సిమెంటయితే గోడ మీదెందుకయ్యా, కింద రాయి" అని ఇంకో ముద్ద తీసుకుంది.

అతను కాసేపు నిలబడి, నాలుగో శిలాఫలకం అంచుకి కాళ్ల బురద గీక్కుని వెళ్లిపోయాడు.