సమదహన వాదానికి మద్దతుగా

మన దేశంలో సమానత్వం ఇంకా బతికే ఉంది. చూడాలనుకునేవారు పార్లమెంటుకో పల్లెకో పోనక్కరలేదు. నగరంలో ఖరీదైన క్లబ్బు ఏదో ఒకటి ఎంచుకుని, పొగ తాగేవారికి కేటాయించిన గదిలోకి తొంగి చూస్తే చాలు. అక్కడ తోలు సోఫాలో కూర్చున్న పెద్దమనిషి హెచ్చుతగ్గులు సృష్టి సహజమని జీవితమంతా వాదిస్తూ వచ్చినవాడే. అయినా చేతిలోని సిగార్ ఒక పక్క ముందుకూ మరో పక్క వెనక్కూ కాలితే తట్టుకోలేడు. నిప్పు చుట్టూ ఒకే మట్టంలో దిగాలి. వెనకబడిన అంచుకు న్యాయం జరగాలి. అది జరిగేదాకా సంభాషణ ఆగుతుంది, గ్లాసు ఆగుతుంది, పక్క బల్ల దగ్గరి పెద్దలు సైతం లేచి వచ్చి సలహాలిస్తారు.

ఈ ఉద్యమానికి సమదహన వాదం అని పేరు పెడుతున్నాను. దీన్ని ఎగతాళి చేయడం తేలిక. సిద్ధాంత బలం తెలిసినవారెవరూ ఆ పని చేయరు.

ముందు రోగ నిర్ధారణ. క్యూబా పడమటి కొసన, పినార్ దెల్ రియో ప్రాంతంలోని వుయెల్తా అబాహో నేలల్లో పండే పొగాకు మొక్కకు ఆకులన్నీ ఒక్క తీరున ఉండవు. పై వరసలో ఎండంతా తాగి దళసరిగా, జిడ్డుగా, ఘాటుగా తయారయ్యే ఆకు లిహేరో. అడుగున పెరిగే పలచని ఆకు వొలాదో. దానికి ఘాటు తక్కువ, పేరుప్రతిష్ఠలు అంతకన్నా తక్కువ. మంటను నిలబెట్టే చాకిరీ మాత్రం దానిదే. నడిమి ఆకు సెకో, సువాసన సంగతి చూసుకుంటుంది. పైనున్నది తీరిగ్గా కాలుతుంది, కిందున్నది ముందే కాలిపోతుంది. ఇంతవరకు మనకు కొత్త విషయమేమీ లేదు.

చుట్టేవారి నేర్పంతా ఆ మొండి లిహేరోను సరిగ్గా నడుమ కూర్చోబెట్టి, మిగతా ఆకులను దాని చుట్టూ సర్దడంలో ఉంది. నడుమ ఉన్నంతసేపు అది అందరితో కలిసి కాలుతుంది. కాస్త ఒక వైపుకు జరిగిందా, ఆ వైపు నిప్పు మొరాయిస్తుంది, ఎదుటి వైపు పరుగు తీస్తుంది, సిగార్ కొస పడవ ఆకారానికి వస్తుంది. ఇంతకన్నా ప్రమాదకరమైన జబ్బు ఇంకొకటుంది. లోపలి సరుకంతా బూడిదవుతూ ఉంటుంది, పై ఆకు మాత్రం చెక్కుచెదరకుండా నిగనిగలాడుతూ ఉంటుంది. దీన్ని సొరంగం అంటారు. దివాలా తీసిన సహకార బ్యాంకులో డబ్బు దాచుకున్నవారికి ఈ లక్షణాన్ని విడమరిచి చెప్పనక్కరలేదు.

అసలు సిగార్‌లోకి సమానత్వం ఎలా వచ్చి చేరిందన్న ప్రశ్నకు నా దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. 1865లో హవానా కర్మాగారాల్లో ఒక ఆచారం మొదలైంది. కార్మికులు సిగార్లు చుడుతుంటే ఒకరు ఎత్తుపీట మీద కూర్చుని పత్రికలూ పుస్తకాలూ గట్టిగా చదివి వినిపించేవారు. చదివేవారి కూలిని కార్మికులే తమ సంపాదనలోంచి చందా వేసుకుని ఇచ్చేవారు. మరుసటి ఏడే స్పెయిన్ వలస ప్రభుత్వం ఈ చదువులను నిషేధించింది. ఆచారం మాత్రం చావలేదు, నేటికీ ఉంది. సమానత్వం గురించి వింటూ చుట్టారు కాబట్టి అది కొంత ఆకుల మడతల్లో ఇరుక్కుపోయి ఉండాలి. నిప్పు తగలగానే బయటపడి, తాగేవాడి బుర్రకెక్కుతోంది. అయితే సిగార్ దాటి ఒక్క అంగుళం కూడా బయటికి రాదు, అదే దాని సుగుణం. 1962లో క్యూబా సరుకుపై నిషేధానికి సంతకం పెట్టే ముందు అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ తన పత్రికా కార్యదర్శి పియరీ సాలింజర్‌ను పంపి సిగార్లు వెతికించాడట. 1,200 చేతికందాయని విన్న తరువాతే కలం తీశాడట. చెప్పింది ఆ సాలింజరే. సామ్యవాదం మీద పోరాటం వేరు, సమదహనం వేరు.

ఇక చికిత్స. ఇందులో పక్షాలున్నాయి. వెనకబడిన అంచును కిందికి తిప్పి పట్టుకుని ఊరుకోమంటుంది మొదటిది. గాలి అడుగు నుంచి అందుతుంది కాబట్టి కింది అంచు చురుగ్గా కాలి, మిగతావాటిని దానంతటదే అందుకుంటుందని వాదన. వెనకబడినవాడిని కింద పడేస్తే వాడే పైకొస్తాడన్న సూత్రం పెద్దమనుషులకు నచ్చకుండా ఎలా ఉంటుంది? విచిత్రమేమిటంటే, సిగార్ విషయంలో ఇది అప్పుడప్పుడు నిజంగానే పని చేస్తుంది. ముందుకు పోయిన అంచు పక్కన తడి వేలు అద్ది దాని దూకుడు తగ్గించాలంటారు ఇంకొందరు. దీనికి ఆదరణ తక్కువ. కష్టపడి కాలిన అంచు మీద పన్నెందుకని గొణుగుడు.

అందరూ చివరికి చేసేది మూడోది. లైటర్ తీసి, వెనకబడిన అంచుకు మాత్రమే మంట చూపిస్తారు. గమనించండి, ఇది ప్రత్యేక కేటాయింపు. రిజర్వేషన్ల వల్ల దేశం పాడైపోయిందని అరగంట కిందట తేల్చి చెప్పిన నోటితోనే సిగార్ పట్టుకుని, ఆ పెద్దమనిషి మంటనంతా ఒక పక్కకే కేటాయిస్తున్నాడు. ప్రతిభ ఉంటే అదే కాలుతుంది కదా అని ఆ గదిలో ఒక్కరూ అనరు. ఎన్నాళ్లు ఇస్తూ పోవాలని అడగరు. సమమయ్యేదాకా ఇస్తారు, సమమయ్యాక ఆపుతారు, మళ్లీ వెనకబడితే మళ్లీ ఇస్తారు. ఇంత స్పష్టమైన విధానాన్ని నేను ఏ ప్రభుత్వ ఉత్తర్వులోనూ చదవలేదు. ఏదీ ఫలించకపోతే కొసను కత్తిరించి పారేసి కొత్తగా వెలిగించే దారి ఎలాగూ ఉంది. దాన్ని విప్లవం అంటారు, కత్తెర ఖరీదు ఎక్కువ.

నివారణ కోసం సిగార్లను స్పానిష్ సెడార్ చెక్క అతికిన హ్యూమిడార్‌లో, అంటే తేమను నిలిపి ఉంచే పెట్టెలో ఉంచాలి. తేమ 65 నుంచి 70 శాతం మధ్య నిలవాలి, ఎక్కువైతే ఆకు అక్కడక్కడా కాలనంటుంది. ఈ పెట్టెకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. మన చట్టం ప్రకారం పొగాకు ప్యాకెట్టు మీద 85 శాతం మేర జబ్బు బొమ్మతో హెచ్చరిక ఉండాలి. హ్యూమిడార్ మీద ఏ బొమ్మా ఉండదు.

గోదావరి లంకల్లో పండిన పొగాకుతో చుట్టిన చుట్టను రొండిన దోపుకుని తిరిగిన తరాలకు తేమ శాతాల గొడవ లేదు. వంకరగా కాలితే కాలనిచ్చారు. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే స్త్రీలు అసలీ సమస్యనే దాటేశారు. నిప్పున్న కొసను నోట్లోనే పెట్టుకుంటారు. గాలికి ఆరదు, ఏ పక్క ముందు కాలిందో ఎవరికీ కనిపించదు. వారి అంగిలి ఎలా కాలిందో, అక్కడ క్యాన్సర్ ఎలా పుట్టిందో విశాఖపట్నం వైద్యులు దశాబ్దాల కిందటే రాసి పెట్టారు. ఆ కాగితాలు క్లబ్బు బల్ల మీదికి రావు. సమదహనం మీద చర్చ నడుస్తుండగా అటువంటివి తేవడం మర్యాద కాదు.

వెలిగించేటప్పుడు సిగార్‌ను మంటలో ముంచకూడదు. మంటకు కాస్త పైన పట్టి, నెమ్మదిగా తిప్పుతూ అంచంతా కాచాలి. కొస మీద మెల్లగా ఊది, ఎర్రదనం అంతటా పరుచుకుందో లేదో చూడాలి. తరువాత నిమిషానికి ఒక దమ్ము చాలు, ఎగబడి లాగితే వేడెక్కి గతి తప్పుతుంది. అన్నిటికన్నా పెద్ద శత్రువు ఒక పక్క నుంచి వీచే గాలి. అందుకే ఆ గదిలో పంకా ఆపించారు, కిటికీ మూయించారు. బూడిద గిన్నె పట్టుకుని సాయంత్రం నుంచి అక్కడే నిలబడిన బేరర్‌కు చెమట ఏ పక్కా ఎక్కువా తక్కువా లేకుండా కారుతోంది.