ఇంట్లో చేసిందైతే రేటు ఉండకూడదా?

కడపలో మా ఇంటి వెనక వరండాలోనే పనంతా. అమ్మ, నాయన, నేను కలిసి సున్నిపిండి, కుంకుడు పొడి, సబ్బులు చేసి అమ్ముతాం. పని కష్టమని ఎప్పుడూ అనుకోలేదు. ఒళ్లు మండేది ఒక్క మాటకే: "ఇంట్లో చేసుకునేదేగా, ఇంత రేటా?"

కుంకుడుకాయలు పగలగొట్టి, ఒక్కొక్క గింజా తీసెయ్యాలి. ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టేసరికి కళ్లు మండిపోతాయి, అమ్మకు రాత్రంతా తుమ్ములే. కొబ్బరినూనె సబ్బయితే ముక్కలు కోసి పెట్టాక కూడా 4 నుంచి 6 వారాలు ఆరాలి. తొందరపడితే మెత్తగా ఉండి ఇట్టే కరిగిపోతుంది. అయినా "ఎల్లుండే ఫంక్షన్, 50 సబ్బులు కావాలక్కా" అని ఫోన్లు.

నురగ రాలేదని మొన్న ఒకామె సగం వాడిన ప్యాకెట్ వెనక్కి తెచ్చింది. కుంకుడు షాంపూలా పొంగదు, దాని గుణమే అంత. ఎంత చెప్పినా వినలేదు. నాయన డబ్బులు తిరిగిచ్చేశాడు.

చుట్టాల సంగతి ఇంకా బాధ. "మనవాళ్లమే కదమ్మా" అని నాలుగు ప్యాకెట్లు సంచిలో వేసుకుని పోతారు. పెసలు, పసుపు అంగడాయన మాకు ఊరికే ఇస్తాడా? నెలాఖరున అమ్మ లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంటే, ఆమె గోళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని పసుపు కనిపిస్తుంది. ఇక నా జీతం అడగడానికి నోరు రాదు.