"శత్రువులు లేరు కాబట్టే పెరుగుతోంది": సైన్స్ అంత మాట అనలేదు

వయ్యారిభామ, గుర్రపుడెక్క ఫొటోలతో ఒక పోస్టు తెగ షేర్ అవుతోంది. అందులో చెప్పేవి ఇవి: వేరే దేశాల నుంచి వచ్చిన పరాయి జాతులు విజృంభించేది వాటిని తినే పురుగులు, పట్టే తెగుళ్లలాంటి శత్రువులు లేకనేనని సైన్స్ తేల్చేసింది, వచ్చిన పదింటిలో ఒకటే నిలదొక్కుకుంటుంది, జీవవైవిధ్యం ఉన్నచోట వాటి ఆటలు సాగవు, సొంతగడ్డ నుంచి శత్రువును తెచ్చి వదిలితే పీడ విరగడవుతుంది.

"సైన్స్ తేల్చేసింది." లేదు. అలాగని ఇది గాలి కబురూ కాదు. ఐరోపా నుంచి అమెరికా చేరిన 473 రకాల మొక్కల మీద 2003లో వచ్చిన అధ్యయనంలో, సొంతగడ్డతో పోలిస్తే వాటిని పట్టే శిలీంధ్రాలు సగటున 84 శాతం, వైరస్‌లు 24 శాతం తక్కువని తేలింది. గట్టి ఆధారమే. అయితే ఏ ప్రశ్నకు? పుట్టిన చోటికంటే శత్రువులు తగ్గారా అన్నది ఒకటి. పక్కనున్న స్థానిక మొక్కలకంటే తక్కువా అన్నది మరొకటి. మొక్క చెలరేగింది అందువల్లేనా అన్నది మూడోది. మొదటిదానికి అవునని వస్తే మిగతా రెండూ తేలిపోయినట్టు పోస్టు రాసేశారు. ఆకు మీద కన్నాలు లెక్కపెట్టడం వేరు, ఆ కన్నాలు లేకపోతే ఎన్ని మొక్కలు బతికేవో చూడటం వేరు.

రెండో పని చేసి చూసినవాళ్లున్నారు. క్లైడీమియా హిర్టా అనే పొద కోస్టారికాలో స్థానికం, హవాయిలో చొరబడింది. సొంతగడ్డ మీద అడవి నీడలో పెద్దగా కనిపించదు, హవాయిలో అడవి లోపల కూడా అల్లుకుపోతుంది. రెండుచోట్లా నారు నాటి, కొన్నింటికి పురుగుమందు, తెగులు మందు కొట్టారు. కోస్టారికా నీడలో మందు కొట్టినవి ఎక్కువగా బతికాయి. హవాయిలో కొట్టినా కొట్టకపోయినా ఒకటే. ఇంతవరకు పోస్టు పెట్టినవాళ్లకు సంతోషమే. కానీ కోస్టారికాలోనే ఎండ తగిలే చోట మందు కొట్టినా బతికినవాటి లెక్క మారలేదు. ఒకే మొక్కకు నీడలో ఒక జవాబు, ఎండలో ఇంకో జవాబు వస్తుంటే "పరాయి జాతులన్నీ" అని ఎలా అంటాం?

ఈ చిక్కు తీయడానికే పరిశోధకులు టీనా హేగర్, జోనాథన్ యెష్కే 2014లో 'శత్రువులు లేకనే పెరుగుతాయి' అనే ఈ పరికల్పనను, అంటే ఇంకా పరీక్షించాల్సిన ఊహను, అంచెలుగా విడదీశారు. పైన పెద్ద మాట. దాని కింద, దేనితో పోలుస్తున్నాం, ఎలాంటి శత్రువు, ఏం కొలుస్తున్నాం అన్నదాన్ని బట్టి పరీక్షకు నిలిచే చిన్న మాటలు. అధ్యయనాలను అలా సర్దితే కొన్నింటికి బలం ఎక్కువ వచ్చింది, కొన్నింటికి తక్కువ. అంతకుముందు 2012లో యెష్కే బృందం ఈ రంగంలోని ఆరు ప్రధాన పరికల్పనలను చూసి, వాటికి దొరుకుతున్న మద్దతు ఒకేలా లేదని, పైగా కాలం గడిచేకొద్దీ తగ్గుతోందని చెప్పింది. పోస్టులో ఉన్నది పాత ఉత్సాహం.

"పదింటిలో ఒకటి." 1996లో జీవశాస్త్రవేత్త మార్క్ విలియమ్సన్ చెప్పిన లెక్క ప్రతి దశకూ విడివిడిగా వర్తిస్తుంది: పెంపకం నుంచి తప్పించుకుని ప్రకృతిలోకి బయటపడటం, నిలదొక్కుకోవడం, చీడగా మారడం. అదీ ఉజ్జాయింపే. ఐరోపా, ఉత్తర అమెరికాల మధ్య మారిన వెన్నెముక జంతువులను 2005లో చూస్తే నిలదొక్కుకోవడం, వ్యాపించడం అనే దశల్లో ఒక్కోదానిలో దాదాపు సగం గట్టెక్కాయి. పదోవంతుకీ సగానికీ ఎంత దూరం!

"జీవవైవిధ్యం ఉంటే రావు." చిన్న మడిలో తరచూ నిజమే. పెద్ద ప్రాంతాలు తీసుకుంటే స్థానిక జాతులు ఎక్కువున్న చోటే పరాయివీ ఎక్కువ ఉంటాయి. మంచి నేల, నీరు ఇద్దరికీ పనికొస్తాయి మరి.

"సొంతగడ్డ నుంచి శత్రువును తెస్తే సరి." దీనికి అందరూ చూపేది ఆస్ట్రేలియా నాగజెముడు. 1926లో వదిలిన కాక్టోబ్లాస్టిస్ చిమ్మట లక్షల ఎకరాల్లో దాన్ని తినేసింది, నిజమే. కానీ ఆ చిమ్మట అర్జెంటీనాది. ఆస్ట్రేలియాలో ఎక్కువగా అల్లుకున్న నాగజెముడు, ఒపన్షియా స్ట్రిక్టా, ఫ్లోరిడా, కరీబియన్ వైపుది. అంటే దాన్ని అణచింది పాత శత్రువు కాదు, అది ఎన్నడూ ఎరగని కొత్త శత్రువు. 1989లో అదే చిమ్మట ఫ్లోరిడాలోనూ కనిపించింది. అక్కడ స్ట్రిక్టా స్థానిక మొక్క, చిమ్మటే పరాయిది.