ఎనిమిది వైద్య కళాశాలలు వచ్చాయి, దారి చెప్పేవారే కరువు

2016కు ముందు ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఒక్క ప్రభుత్వ వైద్య కళాశాల కూడా లేదు. 1999లో మొదలైన మహబూబ్‌నగర్ ఎస్‌వీఎస్, నార్కట్‌పల్లి కామినేని ప్రైవేటు కళాశాలలే ఈ ప్రాంతానికి దిక్కుగా ఉండేవి. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో, 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బీబీనగర్ ఎయిమ్స్‌లో 2019 నుంచే ఎంబీబీఎస్ తరగతులు నడుస్తున్నాయి. రెండు పాత జిల్లాలు ఎనిమిది కొత్త జిల్లాలయ్యాయి, ఎనిమిదింటికీ ప్రభుత్వ వైద్య కళాశాల దక్కింది. కరువుకూ వలసకూ ఫ్లోరైడ్ నీళ్లకూ మారుపేరుగా నిలిచిన ఈ నేలకు ఇది చిన్న మార్పు కాదు.

అయితే కళాశాల వచ్చినంత వేగంగా, అందులోకీ దాని చుట్టూ పెరిగే ఉద్యోగాల్లోకీ వెళ్లే దారుల గురించిన సమాచారం మన ఊళ్లకు రాలేదు. అచ్చంపేటలోనైనా, దేవరకొండలోనైనా బైపీసీలో చేరిన పిల్లను చుట్టాలు అడిగేది ఒక్కటే: డాక్టర్ అవుతావా? ఆ ప్రశ్నకు అవునన్నా కాదన్నా, మధ్యలో ఉన్న పదుల కొద్దీ వృత్తుల పేర్లు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. 2025లో వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్ రాసినవారు సుమారు 22 లక్షల మంది, అర్హత పొందినవారు 12.36 లక్షల మంది. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు దాదాపు 1.2 లక్షలు. అంటే అర్హత పొందిన పదిమందిలో ఒకరికి మాత్రమే ఎంబీబీఎస్ సీటు దక్కే లెక్క. ‘నీట్ క్వాలిఫై అయ్యాను’ అన్న మాటను సీటు వచ్చినట్టే తీసుకుని, ఆ తరువాత కౌన్సెలింగ్‌లో కుప్పకూలే కుటుంబాలు ప్రతి ఏటా కనిపిస్తూనే ఉన్నాయి. ప్రభుత్వ కళాశాలలో ఏడాదికి పదివేల రూపాయల ట్యూషన్ ఫీజుతో చదివే అవకాశం తప్పిపోతే, ప్రైవేటు కళాశాలలో ప్రభుత్వ కౌన్సెలింగ్‌తో నింపే కన్వీనర్ కోటాలో అరవై వేలు, యాజమాన్య కోటా అయిన బీ కేటగిరీలో పది లక్షలు దాటిన ఫీజు. ఈ అంతరం తెలిసిన తరువాతనే కదా తల్లిదండ్రులు పొలం కాగితాలు తీసేది!

అక్కడి నుంచి మొదలయ్యేది లాంగ్‌టర్మ్, అంటే ఇంటర్ తరువాత ఏడాది పాటు మళ్లీ నీట్ కోచింగ్. మొదటి ప్రయత్నంలో కొద్ది మార్కుల తేడాతో సీటు పోగొట్టుకున్న విద్యార్థి ఒక ఏడాది లాంగ్‌టర్మ్‌లో కూర్చోవడంలో తప్పేమీ లేదు, అలా సాధించినవారు మన జిల్లాల్లోనే ఎంతోమంది ఉన్నారు. కానీ మార్కులు ఎంత దూరంలో ఉన్నాయో లెక్క చూసుకోకుండా, వేరే ఏ కోర్సుకూ దరఖాస్తు పెట్టకుండా రెండో ఏడాది, మూడో ఏడాది హాస్టల్ గదిలో గడిపించడం పిల్లల వయసును హరించడమేనని నా అభిప్రాయం. నీట్ జరిగే కాలంలోనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో అగ్రికల్చర్, ఫార్మసీ విభాగం పరీక్ష కూడా జరుగుతుంది. సిలబస్ దాదాపు అదే. బీఫార్మసీ, ఆరేళ్ల ఫార్మ్‌డీ సీట్లకే కాక, బీఎస్సీ నర్సింగ్ కన్వీనర్ కోటా సీట్లకు కూడా ఆ ర్యాంకే ఆధారం. డయాలసిస్, రేడియాలజీ వంటి అనుబంధ ఆరోగ్య కోర్సులకు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం వేరుగా నోటిఫికేషన్ ఇస్తుంది. ఆ నోటిఫికేషన్ వచ్చిన సంగతే మన జూనియర్ కళాశాలల నోటీసు బోర్డు మీదకు ఎక్కడం అరుదు.

‘డాక్టర్ కాకపోతే ఇంకేముంది’ అనేవారు ఒకసారి ఏదైనా జిల్లా ఆసుపత్రి డయాలసిస్ కేంద్రానికి వెళ్లి చూడాలి. తెల్లవారకముందే మొదటి విడత రోగులు వస్తారు. టెక్నీషియన్ ముందుగా రోగిని బరువు తూచి, కిందటిసారి వెళ్లినప్పటి బరువుతో పోల్చి, ఒంట్లో ఎంత నీరు చేరిందో లెక్క వేస్తాడు. చేతి మీద ఫిస్టులా పెట్టిన చోట, అంటే డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపి కుట్టిన చోట, వేళ్లు ఆనించి లోపల రక్తం పారుతున్న కదలిక అందుతున్నదో లేదో చూసి, రెండు సూదులు గుచ్చి యంత్రానికి కలుపుతాడు. ఆ తరువాత సుమారు నాలుగు గంటలు అతని కన్ను యంత్రం మీదా, రోగి ముఖం మీదా ఉండాల్సిందే. బీపీ ఒక్కసారిగా పడిపోతే యంత్రం కంటే ముందు ఆ సంగతి పసిగట్టేది ఎదురుగా ఉన్న ఆ మనిషే. వారానికి రెండు మూడు సార్లు, ఏళ్ల తరబడి, రోగి బతుకు ఆధారపడేది ఆ చేతి నేర్పు మీద. ఈ పనికి డిప్లొమా, బీఎస్సీ చదువులున్నాయి. ఆపరేషన్ థియేటర్, అనస్తీషియా, రేడియాలజీ, గుండె రక్తనాళాలను పరీక్షించే క్యాథ్ ల్యాబ్, అత్యవసర సేవల పనులకు కూడా ఇలాంటి చదువులే ఉన్నాయి. వీటిని ‘పారామెడికల్’ అని ఒకే గంపలో వేసి, ఎంబీబీఎస్ రానివారికి మిగిలిన దారిగా చూడడం వల్ల ఆసక్తి ఉన్న పిల్లలు కూడా ముఖం చాటేస్తున్నారు. నిజానికి 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టాన్ని చేసి, ఈ కోర్సులకు కనీస ప్రమాణాలనూ రిజిస్టర్లనూ ఏర్పరచింది. చట్టం గుర్తించిన గౌరవాన్ని ఇళ్లలోనూ కళాశాలల్లోనూ గుర్తించాల్సి ఉంది.

నర్సింగ్ సంగతి కొంత మెరుగు. ఇంటర్ తరువాత నాలుగేళ్ల బీఎస్సీ, మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎం ఉన్నాయని చాలామందికి తెలుసు. తెలియనిది ఆ తరువాతి సంగతి. తెలంగాణ వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 2024 సెప్టెంబరులో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకూ, 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకూ, 633 ఫార్మసిస్టు పోస్టులకూ నోటిఫికేషన్లు ఇచ్చింది. ఈ నియామకాల్లో రాత పరీక్షకు 80 పాయింట్లు ఉంటే, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు 20 పాయింట్ల వరకు వెయిటేజీ ఉంటుంది. అంటే చదువు ముగిసిన వెంటనే జిల్లా ఆసుపత్రిలో తాత్కాలిక ఉద్యోగంలో చేరిన అమ్మాయికి తరువాతి నోటిఫికేషన్‌లో అది పనికివస్తుంది. సర్వీసు సర్టిఫికెట్టును ఎప్పటికప్పుడు తీసి పెట్టుకోవాలని చెప్పే సీనియర్ ఒకరుంటే చాలు. విదేశాలకు వెళ్లాలనుకునేవారికి విదేశీ ఉద్యోగాలు చూపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్ వంటి దేశాలకు నర్సులను భాషా శిక్షణతో సహా పంపుతోంది. ఏజెంటుకు లక్షలు పోసే ముందు అక్కడ విచారించడం మంచిది.

డిగ్రీ విద్యార్థుల దగ్గర ఇంకో చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. నల్లగొండ ఎన్‌జీ కళాశాలలోనో, మహబూబ్‌నగర్ ఎంవీఎస్‌లోనో, జడ్చర్ల బీఆర్ఆర్ కళాశాలలోనో బీజెడ్‌సీ (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాల డిగ్రీ) చదివిన విద్యార్థి, తాను రక్తం, మూత్రం పరీక్షలు చేసే ఉద్యోగానికి అర్హుడననే అనుకుంటాడు. కాదు. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుకు మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ (ఎంఎల్‌టీ)లో డిప్లొమా అయిన డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ వంటి నిర్దేశిత అర్హత ఉండాలి, తెలంగాణ పారామెడికల్ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి. మూడేళ్ల డిగ్రీ అయ్యాక మళ్లీ రెండేళ్ల డిప్లొమా చేసేవారు అందుకే కనిపిస్తారు. మరోవైపు ఇంటర్‌లోనే ఒకేషనల్ ఎంఎల్‌టీ చదివి, ఆపైన క్లినికల్ శిక్షణ పూర్తిచేసినవారు చిన్న వయసులోనే పనిలో కుదురుకుంటున్నారు. మొదటి సంవత్సరం అడ్మిషన్ నాడే ఈ తేడా చెప్పి ఉంటే ఎంత కాలం మిగిలేది!

బీజెడ్‌సీ చదువు వృథా అని నేను అనడం లేదు. ఆ డిగ్రీతో తెరుచుకునే తలుపులు వేరు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అప్లైడ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ నడుపుతుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ, భారతీయ ప్రజారోగ్య సంస్థ హైదరాబాద్ శాఖలోనూ ప్రజారోగ్యంలో మాస్టర్స్ చేయవచ్చు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వంగిపోయిన కాళ్లనూ బిగుసుకుపోయిన వెన్నెముకలనూ చూస్తూ పెరిగిన పిల్లలకు ప్రజారోగ్యం అంటే ఏమిటో పాఠం చెప్పనవసరం లేదు. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తొలగించే పద్ధతిని రూపొందిస్తే దానికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడింది. ఆ సమస్యను చిన్ననాటి నుంచి ఎరిగిన పిల్లల్లో నీటి నాణ్యత, పోషకాహారం, జబ్బుల వ్యాప్తిని అధ్యయనం చేసే ఎపిడెమియాలజీ చదవడానికి వెళ్లినవారు ఎందరు? నల్లమలలోని చెంచు పెంటల (గూడేల) మధ్య పనిచేయడానికి ఆ భాషా ఆ దారులూ తెలిసిన ఆరోగ్య కార్యకర్తల అవసరం కూడా ఇంతకంటే తక్కువ కాదు.

నాగర్‌కర్నూల్ దగ్గర తూడుకుర్తిలో ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కంటి ఆసుపత్రి ఉంది. ఆ సంస్థ గ్రామీణ కేంద్రాల్లో పనిచేయడానికి ఇంటర్ పూర్తిచేసిన స్థానిక యువతకు విజన్ టెక్నీషియన్లుగా శిక్షణ ఇస్తుంది, పైచదువుగా కంటి చూపు పరీక్షల డిగ్రీ ఆప్టోమెట్రీ ఉంది. ఊరికి దగ్గరగా ఉంటూ, ఊరివాళ్ల కళ్లు పరీక్షిస్తూ, ఆ తరువాత డిగ్రీ స్థాయికి ఎదగగలిగే ఇలాంటి మెట్లదారి ఇతర విభాగాల్లోనూ ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు.

ఎంబీబీఎస్ లక్ష్యంగా పెట్టుకున్నవారు తప్పకుండా తెలుసుకోవాల్సిన ఒక నిబంధన ఈ సరిహద్దు జిల్లాలకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. 2024 జూలైలో ప్రభుత్వం ఇచ్చిన జీవో 33 ప్రకారం రాష్ట్ర కోటాలో స్థానికత రావాలంటే ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిదో తరగతి నుంచి, తెలంగాణలో చదివి ఉండాలి. దీన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న సమర్థించింది. అలంపూర్, గద్వాల పిల్లలు కర్నూలుకు, మక్తల్ వైపువారు రాయచూరుకు, కోదాడ, హుజూర్‌నగర్ పిల్లలు విజయవాడ, గుంటూరు కార్పొరేట్ కళాశాలలకు వెళ్లి ఇంటర్ చదవడం ఏనాటి నుంచో ఉన్నదే. మంచి కోచింగ్ కోసమని పదో తరగతి అయ్యాక పిల్లను నది దాటించిన తండ్రి, ఆ ఒక్క నిర్ణయంతో రాష్ట్ర కోటా అర్హతను పోగొట్టే ప్రమాదంలో పడుతున్నాడు. అంతకంటే బాధాకరమైనది వలస కుటుంబాల పరిస్థితి. కూలి కోసం ముంబైకో పుణెకో వెళ్లి, పిల్లలను అక్కడి బడిలో వేసిన పాలమూరు తల్లిదండ్రులకు ఆ తొమ్మిదో తరగతి ఎంత ఖరీదైనదో ఎవరు చెబుతారు? స్థానికుల హక్కును కాపాడాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కడుపు చేతబట్టుకుని వెళ్లిన కుటుంబాల పిల్లలకు మాత్రం ప్రభుత్వం స్పష్టమైన మినహాయింపు ఇవ్వాలి. అది వచ్చేదాకా ఎనిమిదో తరగతి పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో ఈ నిబంధనను చదివి వినిపించే బాధ్యత ప్రధానోపాధ్యాయులది.

డబ్బు విషయానికి వస్తే, పేద విద్యార్థికి ఉన్న అతి పెద్ద ఆధారం ఫీజు రీయింబర్స్‌మెంట్. ఎస్సీ, ఎస్టీలకు కుటుంబ ఆదాయ పరిమితి రెండు లక్షలు. బీసీ, ఈబీసీలకు గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. పథకం గొప్పదే, విడుదలే సమస్య. బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోవడంతో ప్రైవేటు నర్సింగ్, ఫార్మసీ, పారామెడికల్ కళాశాలలు కోర్సు ముగిసిన విద్యార్థుల సర్టిఫికెట్లు ఆపేస్తున్నాయి. సర్టిఫికెట్ లేకుండా కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ లేదు, రిజిస్ట్రేషన్ లేకుండా ఉద్యోగ దరఖాస్తు లేదు. ప్రభుత్వం బాకీపడితే శిక్ష విద్యార్థికి పడుతోంది. ఆరోగ్య కోర్సుల బకాయిలను ముందువరుసలో చెల్లించడమూ, బకాయి సాకుతో సర్టిఫికెట్ ఆపే యాజమాన్యంపై చర్య తీసుకోవడమూ రెండూ జరగాలి. ఈలోగా విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా విద్యారుణానికి దరఖాస్తు చేసుకోవచ్చు; రూ.7.5 లక్షల వరకు తనఖా అవసరం లేకుండా రుణ హామీ పథకం ఉంది. ఇంత పెద్ద విషయాల మధ్య చిన్నవి కూడా చెప్పాలి. ఎస్‌ఎస్‌సీ మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనుక ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. మీసేవలో ఆదాయ ధ్రువపత్రం, ప్రతి బడి నుంచి బోనఫైడ్, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం, ఇవన్నీ ఫలితాలు వచ్చాక కాదు, అంతకుముందే సిద్ధం కావాలి. చేరబోయే కళాశాలకు భారత నర్సింగ్ మండలి, భారత ఫార్మసీ మండలి, పారామెడికల్ బోర్డులలో సంబంధితమైన దాని గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టే ముందే చూసుకోవాలి.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు నీట్‌ను తెలుగులో రాయవచ్చన్న సంగతి చాలామందికి తెలుసు. తర్జుమాలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే ప్రామాణికమని తక్కువమందికి తెలుసు. అసలు కష్టం సీటు వచ్చాక ఎదురవుతుంది. అనాటమీ పుస్తకం తెరిచిన మొదటి నెలలో హాస్టల్ గదిలో ఏడ్చే పిల్లల్లో తెలివి తక్కువవారు లేరు, భాష అందనివారు ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లో ఉచిత కోర్సులున్నాయి, సరే. వాటికంటే ముందు ప్రతి ప్రభుత్వ నర్సింగ్, వైద్య కళాశాల మొదటి ఏడాదిలో కొన్ని వారాలు ఇంగ్లిష్ పదజాల తరగతులను సీనియర్లతోనే చెప్పించాలి.

బకాయిలు, మినహాయింపుల సంగతి అలా ఉంచితే, దారి చెప్పే పనికి కొత్త జీవోలూ కోట్ల నిధులూ అవసరం లేదు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ఉద్యోగ నైపుణ్యాలు నేర్పే టీఎస్‌కేసీ కేంద్రాలున్నాయి. వాటిలో ఒక అధ్యాపకునికి ఆరోగ్య వృత్తుల బాధ్యత అప్పగించి, నోటిఫికేషన్లను జిల్లాలోని జూనియర్ కళాశాలలన్నింటికీ చేరవేసే ఏర్పాటు చేయాలి. ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాల బైపీసీ మొదటి సంవత్సరం విద్యార్థులను నెలకొక బృందంగా పిలిచి ల్యాబ్, డయాలసిస్, రేడియాలజీ, నర్సింగ్ విభాగాల్లో ఒక పూట ఉంచాలి. అక్కడ పనిచేసేవారే తమ చదువు, జీతం, కష్టం గురించి చెప్పాలి. ఇది ద్వితీయ సంవత్సరం చివర పెడితే లాభం లేదు. అప్పటికే తల్లిదండ్రులు లాంగ్‌టర్మ్ ఫీజు కట్టేసి ఉంటారు. దసరా సెలవులకు ముందే మొదటి బృందం ఆసుపత్రి చూసి రావాలి.