మైదానం తాళం ఎవరి చేతిలో?

2024 ఆగస్టు 4, ఆదివారం నాడు, డబ్లిన్‌లోని క్రోక్ పార్కు మైదానంలో కెర్రీ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) మహిళలు గాల్వేను 3-14, 0-11 స్కోరుతో చిత్తుచేసి అఖిల ఐర్లండ్ గేలిక్ ఫుట్‌బాల్ విజేతలయ్యారు. 1982 నుంచి 1990 దాకా వరసగా తొమ్మిదేళ్లు కప్పును చేజారనివ్వని కౌంటీ కెర్రీ. 1993 తర్వాత మాత్రం ఈ గెలుపు దాకా ఆ కప్పు వాళ్ల గడప తొక్కలేదు. 2022లోనూ, 2023లోనూ ఫైనల్ దాకా వచ్చి ఓడిపోయారు. పారిస్ ఒలింపిక్స్ సందడిలో, సింధు ఓటమి తాలూకు దిగులులో ఉన్న మన పాఠకులకు ఈ వార్త చేరి ఉండదు. అయినా దీని మీద సంపాదకీయం రాయడానికి మాకు బలమైన కారణం ఉంది. ఐర్లండ్‌లో మహిళల ఆట ఇప్పుడు పురుషుల సంఘంతో విలీనమనే మలుపు దగ్గరికి వచ్చింది, 2006లో మన మహిళా క్రికెట్ సరిగ్గా ఆ మలుపులోనే నిలబడింది. తర్వాత ఏం జరిగిందో హైదరాబాదుకు బాగా తెలుసు.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. జట్టుకు పదిహేను మంది, గంట ఆట. గుండ్రటి బంతిని కాలితో తన్నవచ్చు, చేత్తో పట్టి పరుగెత్తవచ్చు, పిడికిలితో గుద్ది సహచరికి అందించవచ్చు. వలలోకి పంపితే గోల్, దానికి మూడు పాయింట్లు. అడ్డకర్ర మీదుగా దాటిస్తే ఒక పాయింటు. 3-14 అంటే మూడు గోల్స్, పద్నాలుగు పాయింట్లు, వెరసి 23. ఈ ఆట ఆడినందుకు ఎవరికీ జీతం లేదు, మగవాళ్లకూ లేదు. పొద్దున బడిలో పాఠం చెప్పి, ఆసుపత్రిలో డ్యూటీ దిగి, కాలేజీలో క్లాసు ముగించుకుని సాయంత్రం సాధనకు వచ్చే మనుషులు వీళ్లు. పుట్టి పెరిగిన కౌంటీ తరఫున ఆడటమే వీళ్లకు దక్కే గౌరవం.

కప్పు గెలిచిన రోజే అందరికీ గుర్తుంటుంది. మేం మాత్రం ఈ సీజన్‌ను జాతీయ లీగ్ నుంచి చూడాలంటాం. జనవరి చలిలో మొదలై ఏప్రిల్ మొదటి వారంలో ముగిసే పోటీ అది. వాన, బురద, ఎదురుగాలి, సగం నిండిన గ్యాలరీలు. నాలుగు డివిజన్లుగా జట్లను విడదీసి, సమ ఉజ్జీలతో సమ ఉజ్జీలను ఆడిస్తారు. గెలిచినవాళ్లు పై డివిజన్‌కు ఎక్కుతారు, ఓడినవాళ్లు దిగుతారు. వేసవి పోటీలో ఒక్క చెడ్డ రోజు చాలు, ఏడాది శ్రమ గంగలో కలిసిపోవడానికి. లీగ్ అలా కాదు, వారం తర్వాత వారం ఆడిస్తుంది, నేర్పిస్తుంది, చిన్న జట్టును పెద్ద జట్టుగా తయారుచేస్తుంది.

మీత్ కౌంటీయే ఇందుకు రుజువు. 2015లో కార్క్ చేతిలో 40 పాయింట్ల తేడాతో ఓడిన జట్టు అది. ఆ దెబ్బకు రెండో శ్రేణి పోటీలోకి దిగిపోయి, అక్కడా వరసగా రెండు ఫైనళ్లు ఓడి, చివరికి 2020లో గెలిచింది. 2021లో లీగ్ రెండో డివిజన్ నెగ్గింది. అదే ఏడు వేసవిలో, వరసగా అయిదో కప్పు కోసం వచ్చిన డబ్లిన్‌ను 1-11, 0-12తో ఓడించి దేశాన్ని నివ్వెరపరచింది. 2022లో మొదటి డివిజన్, అఖిల ఐర్లండ్ కప్పు రెండూ మీత్‌వే.

2024లో అలాంటి ఘనత అర్మాకు దక్కింది. అర్మా ఉన్నది బ్రిటన్ ఏలుబడిలోని ఉత్తర ఐర్లండ్‌లో. అయితే గేలిక్ ఆటలు సరిహద్దును ఏనాడూ ఒప్పుకోలేదు, ద్వీపంలోని 32 కౌంటీలనూ ఒకే గడ్డగా చూస్తాయి. 2006లో అర్మా మహిళలు అఖిల ఐర్లండ్ ఫైనల్లో కార్క్ చేతిలో ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. 2022లో లీగ్ రెండో డివిజన్ ఫైనల్లో కెర్రీ వాళ్లను ఆపింది. 2023లో రెండో డివిజన్ గెలిచి పైకి వచ్చారు. వచ్చిన తొలి ఏడే, ఏప్రిల్ 7న, అదే కెర్రీని 2-12, 2-9తో ఓడించి చరిత్రలో మొదటిసారి మొదటి డివిజన్ విజేతలయ్యారు. తేడా మూడు పాయింట్లు, అంటే ఒక్క గోల్. ఎయిమీ మాకిన్ వంటి మేటి క్రీడాకారిణి ఉన్న జట్టుకు ఈ గౌరవం ఆలస్యంగా వచ్చిందనే చెప్పాలి. జులై 28న అర్మా పురుషులు కూడా గాల్వేను ఓడించి 2002 తర్వాత మళ్లీ అఖిల ఐర్లండ్ కప్పు అందుకున్నారు. ఆ కౌంటీలో ఆ ఏటి గెలుపుల వరసకు శ్రీకారం చుట్టింది మహిళలే. ఊరేగింపుల ఫొటోల్లో ఆ సంగతి మరుగున పడకూడదని మా కోరిక.

2024కు మరో ప్రత్యేకత ఉంది. 1974 జులైలో టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ పట్నంలో, హేస్ హోటల్లో, నాలుగు కౌంటీల ప్రతినిధులు కూర్చుని మహిళల గేలిక్ ఫుట్‌బాల్ సంఘాన్ని స్థాపించారు. 2024లో దానికి యాభై ఏళ్లు నిండాయి. పురుషుల గేలిక్ అథ్లెటిక్ సంఘం, అంటే జీఏఏ, 1884లో పుట్టింది కూడా ఆ హోటల్లోనే. ఒకే పైకప్పు కింద పుట్టిన రెండు సంఘాల మధ్య తొంభై ఏళ్ల అంతరం ఉంది. మహిళల సంఘానికి గుర్తింపు ఇవ్వడానికి జీఏఏకు మరో ఎనిమిదేళ్లు పట్టింది. 1986 నుంచి గానీ మహిళల ఫైనల్స్ క్రోక్ పార్కుకు చేరలేదు. 2019 ఫైనల్ చూడటానికి అదే క్రోక్ పార్కుకు 56,114 మంది వచ్చారు. ఈ ఆటను జనం చూడరనే మాటను జనమే కొట్టిపారేశారు.

జనం వచ్చారు, ఆట ఎదిగింది. మరి లోటెక్కడ? మైదానాల దగ్గర. మహిళల సంఘానికి సొంత మైదానాలు లేవు. ఊళ్లలోని మైదానాలన్నీ జీఏఏ క్లబ్బులవి, కౌంటీ బోర్డులవి. సాధనకు కావాలన్నా, మ్యాచ్‌కు కావాలన్నా అడిగి తెచ్చుకోవాల్సిందే. చాలాచోట్ల మంచి మనసుతోనే ఇస్తారు, కాదనం. కానీ ఇచ్చేవాళ్లు ఇవ్వకపోయే వీలు కూడా ఉన్నప్పుడు అది హక్కు కాదు.

2020 డిసెంబరు 6 నాటి ఉదంతం చూడండి. కార్క్, గాల్వే జట్ల అఖిల ఐర్లండ్ సెమీఫైనల్‌ను మొదట లిమరిక్‌లో పెట్టారు. ఆ మైదానం అక్కడి పురుషుల హర్లింగ్ (కర్రతో బంతిని కొట్టే గేలిక్ ఆట) జట్టు సాధనకు కావాల్సి వచ్చింది. ఆటను డబ్లిన్‌లోని పార్నెల్ పార్కుకు మార్చారు. ఆదివారం పొద్దున చూస్తే అక్కడ నేల గడ్డకట్టుకుపోయి ఉంది. అప్పటికప్పుడు క్రోక్ పార్కుకు తరలించి, ఆట వేళను కూడా ముందుకు జరిపారు. ఏడాదంతా ఎదురుచూసిన మ్యాచ్‌కు ముందు గాల్వే అమ్మాయిలకు ఒళ్లు వేడెక్కించుకునే వ్యవధి కూడా సరిగా దొరకలేదు. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేకపోవచ్చు. కానీ పురుషుల సెమీఫైనల్‌కు ఇలా జరుగుతుందని అక్కడ ఎవరైనా ఊహించగలరా?

2023 జూన్‌లో ఈ అసంతృప్తి బయటపడింది. ఫుట్‌బాల్ జట్ల, కమోగీ (మహిళల హర్లింగ్) జట్ల కెప్టెన్లు కలిసి వచ్చి, సీజన్‌లో మిగిలిన మ్యాచ్‌లన్నీ నిరసన తెలుపుతూనే ఆడతామని ప్రకటించారు. వాళ్లు అడిగినవి గొంతెమ్మ కోరికలు కావు. సాధనకు వెళ్లివచ్చే దారి ఖర్చులు, దెబ్బ తగిలితే వైద్యం, ఆడటానికి సరైన నేల, ఇవన్నీ ఒక చార్టర్‌గా కాగితం మీద ఉండాలన్నారు. ఆగస్టుకల్లా ఒప్పందం కుదిరింది. 2021లోనే ఐర్లండ్ ప్రభుత్వం అంతర్ కౌంటీ క్రీడాకారిణుల గ్రాంటును పురుషులతో సమానం చేసింది. ఖజానా ముందుగా కదిలితే క్రీడా సంఘాలు వెనకబడటం వాటికి శోభనివ్వదు. మేయో కౌంటీ మేటి కోరా స్టాన్టన్, మీత్‌ను నిలబెట్టిన విక్కీ వాల్ వంటివారు ఆస్ట్రేలియా మహిళల ఫుట్‌బాల్ లీగ్‌కు వెళ్లారు. అక్కడ ఆటకు జీతం ఉంది, సాధనకు సమయం ఉంది. వెళ్లినవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇప్పుడు అసలు మలుపు. మాజీ దేశాధ్యక్షురాలు మేరీ మెకలీస్ అధ్యక్షతన పనిచేస్తున్న కమిటీ జీఏఏను, మహిళల ఫుట్‌బాల్ సంఘాన్ని, కమోగీ సంఘాన్ని కలిపి ఒకే సంస్థగా చేయడానికి 2027ను గడువుగా 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. అదే నెలలో జీఏఏ అధ్యక్ష బాధ్యతలు చేపట్టిన జార్లత్ బర్న్స్ అర్మా మనిషే. విలీనాన్ని మేం మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. అయితే విలీనం అయినంత మాత్రాన సమానత్వం రాదని చెప్పడానికి మన అనుభవం ఉంది.

భారత మహిళా క్రికెట్ సంఘం 1973లో పుట్టింది, అంటే ఐర్లండ్ సంఘం కన్నా ఏడాది ముందు. డబ్బు లేదు, సొంత మైదానాలు లేవు. రిజర్వేషన్ లేని బోగీల్లో కిట్ల మీద కూర్చుని ప్రయాణాలు చేశారు. ఆ పేదరికంలోనే 2002లో టాంటన్‌లో ఇంగ్లండ్‌పై మన మిథాలీ రాజ్ 214 పరుగులు చేసింది. 2005లో మిథాలీ నాయకత్వంలో జట్టు ప్రపంచకప్ ఫైనల్‌కు చేరింది. 2006లో సంఘం బీసీసీఐలో కలిసింది. ప్రయాణాలు, బస, మైదానాలు మెరుగుపడ్డాయి, ఆ మేలును తక్కువ చేయం. కానీ ఆటే తగ్గిపోయింది! 2006 ఆగస్టు నుంచి 2014 ఆగస్టు దాకా, ఎనిమిదేళ్లపాటు, భారత మహిళలు ఒక్క టెస్టు కూడా ఆడలేదు. 1999 నుంచి 2022 దాకా దేశానికి ఆడిన మిథాలీకి దక్కిన టెస్టులు పన్నెండే. మహిళలకు వార్షిక కాంట్రాక్టులు రావడానికి 2015 దాకా ఆగాలి. మ్యాచ్ ఫీజు పురుషులతో సమానమైంది 2022 అక్టోబరులో, అంటే విలీనం జరిగిన పదహారేళ్లకు. మహిళల ప్రీమియర్ లీగ్ 2023లో వచ్చింది. ప్రపంచంలోకెల్లా సంపన్నమైన క్రికెట్ బోర్డుకే ఇంత కాలం పట్టింది. ఈ లోపల ఒక తరం క్రీడాకారిణుల మంచి వయసు గడిచిపోయింది. మిథాలీ పేరు మనకు తెలుసు. ఆడే అవకాశమే రాక బ్యాటు పక్కన పెట్టినవాళ్ల పేర్లు తెలియవు.

ఎందుకిలా జరిగింది? సంఘాలు కలిశాయి, అధికారం మాత్రం పంచుకోలేదు. ఉమ్మడి కాపురంలోకి వచ్చిన కోడలికి గది ఇచ్చి, బీరువా తాళాలు అత్తగారి కొంగుకే ముడివేసి ఉంచినట్టయింది. ఏ పర్యటన ఉంటుంది, ఏ మైదానం ఎవరికి, ఎప్పుడు అన్నవి నిర్ణయించే బల్ల దగ్గర మహిళా క్రికెట్‌ను ఎరిగినవాళ్లకు కుర్చీ లేదు.

ఐర్లండ్ ఈ పొరపాటు చేయనక్కర్లేదు. పైగా అక్కడి మహిళల సంఘం ఖాళీ చేతులతో రావడం లేదు. దాదాపు 2 లక్షల సభ్యత్వంతో వస్తోంది. పురుషుల ఆటకు నేర్పగలిగిన విద్యతోనూ వస్తోంది. 1997 ఫైనల్లో దాదాపు 12 నిమిషాలు అదనంగా ఆడించి గొడవ రేగాక, అందరికీ కనిపించే గడియారం పెట్టి, సమయం అయిపోగానే హారన్ మోగించే పద్ధతిని మహిళల ఫుట్‌బాల్ తెచ్చుకుంది. పురుషుల ఫుట్‌బాల్‌లో 2024 దాకా మిగిలిన సమయం రిఫరీ చేతిగడియారానికే తెలిసేది. కొత్త సంస్థ ఎవరి పద్ధతులు పాటిస్తుందన్న ప్రశ్న వచ్చినప్పుడు, సంఖ్య ఎక్కువున్నవారి అలవాటే నియమం కారాదు.

కమోగీ, ఫుట్‌బాల్ రెండూ ఆడే అమ్మాయిల సంగతి మరీ కష్టం. కార్క్‌కు చెందిన రీనా బక్లీ, బ్రీజ్ కోర్కరీ ఇద్దరూ రెండు ఆటల్లో కలిపి చెరి 18 అఖిల ఐర్లండ్ పతకాలు సాధించారు. అటువంటి వాళ్లు ఇక పుట్టరని కాదు. కానీ రెండు సంఘాలు ఎవరి తేదీలు వాళ్లు వేసుకుంటూ పోతే, ఒకే రోజు రెండు మ్యాచ్‌లు పడి ఏదో ఒకటి వదులుకోమని ఇరవై ఏళ్ల పిల్లకు చెప్పాల్సి వస్తుంది. ఇది డబ్బుతో పనిలేని సమస్య. నలుగురు కూర్చుని క్యాలెండర్ ముందు పెట్టుకుంటే తీరిపోయేది.

ఐటీ కొలువుల కోసమో, ఆసుపత్రి ఉద్యోగాల కోసమో వెళ్లి డబ్లిన్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అక్కడి ప్రాథమిక బడుల్లో గేలిక్ ఫుట్‌బాల్ ఆడిస్తారు, మన ఆడపిల్లలకూ ఆ బంతి చేతికందుతుంది. ఈ విలీనంలో ఏం రాసుకుంటారన్నది వాళ్లకూ సంబంధించిన విషయమే.

విలీన పత్రంలో మహిళల జట్లకు మైదానం కేటాయింపు హక్కుగా ఉండాలి. దారి ఖర్చుల లెక్క మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకటే కావాలి. నిర్ణయాలు తీసుకునే కేంద్ర మండలిలో మహిళల సంఘాల ప్రతినిధులకు ఓటుతో కూడిన స్థానం కావాలి, సలహాదారు హోదా చాలదు. ఇవి 2027కల్లా తేలాలి. వచ్చే లీగ్ అయితే జనవరిలోనే మొదలవుతుంది. పురుషుల, మహిళల పోటీల తేదీలను, మైదానాలను ఒకే కమిటీ ఖరారు చేసి ఒకే రోజు ప్రకటించడానికి ఏ విలీనమూ అక్కర్లేదు. బర్న్స్ తలచుకుంటే మూడు సంఘాలనూ ఆ పనికి కూర్చోబెట్టవచ్చు. ఆయన ఆ పని చేయాలని ఈ పత్రిక కోరుతోంది.