కొవ్వాడలో రియాక్టర్ సరే, దాని గోదాము సంగతి తేల్చండి

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కడతామంటున్న అణు విద్యుత్ కేంద్రం మీద ఇన్నేళ్లుగా జరుగుతున్న వాదనంతా రియాక్టర్ చుట్టూనే. భూకంపానికి నిలుస్తుందా, పేలుతుందా, యూనిట్ కరెంటు ఎంతకు పడుతుంది... అనుకూలురూ వ్యతిరేకులూ అక్కడే తలపడుతున్నారు. రియాక్టర్‌లోంచి బయటికి తీసిన ఇంధనాన్ని ఎక్కడ పెడతారు, ఎన్నాళ్లు పెడతారు, ఎవరి ఖర్చుతో పెడతారు అని అడిగేవాళ్లు తక్కువ. 1,208 మెగావాట్ల యూనిట్లు ఆరు వస్తాయంటున్న చోట అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

వాడిన ఇంధనాన్ని నీళ్లలో పెట్టడం మీద నాకు పేచీ లేదు. అంతకంటే మంచి పద్ధతి మొదటి కొన్నేళ్లకు మరొకటి లేదు కూడా. రియాక్టర్‌ను ఆపినా ఇంధనంలోని రేడియోధార్మిక పదార్థాలు క్షీణిస్తూ వేడి పుట్టిస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో ఆ వేడి పూర్తి సామర్థ్యంలో ఆరేడు శాతం, మర్నాటికి అర శాతం దగ్గరికి వస్తుంది. వినడానికి చిన్న అంకె. మూడు వేల మెగావాట్ల పైచిలుకు వేడినిచ్చే రియాక్టర్‌లో అర శాతమంటే మాత్రం చిన్నది కాదు. అందుకే స్టీలు తొడుగు వేసిన కాంక్రీటు కొలనులో, దాదాపు పన్నెండు మీటర్ల లోతు నీళ్ల అడుగున ఇంధన కట్టల్ని నిలబెడతారు. వాటిపైన ఏడు మీటర్ల దాకా నీళ్లుంటాయి. ఆ నీళ్లే వేడిని లాగేస్తాయి, రేడియేషన్‌ను ఆపేస్తాయి. గట్టు మీద మనిషి మామూలుగా నిలబడి పని చేసుకోవచ్చు. కాకపోతే నీళ్లు తిరగాలంటే పంపు కావాలి, పంపుకు కరెంటు కావాలి, ఆవిరైన నీటికి బదులు పోసేవాళ్లు కావాలి. ఈ మూడూ లేకపోతే ఏం జరుగుతుందో 2011 మార్చిలో ప్రపంచం చూసింది. చూసి మర్చిపోయింది.

జపాన్‌లోని ఫుకుషిమా దాయిచీ అణు కేంద్రం అనగానే కరిగిపోయిన మూడు రియాక్టర్లే గుర్తొస్తాయి. ఆ వారం టోక్యోలో పాలకులకు నిద్రపట్టనివ్వనిది మాత్రం నాలుగో యూనిట్. విచిత్రమేమిటంటే ఆ యూనిట్ అప్పటికి నడవడం లేదు. తనిఖీ కోసం 2010 నవంబరు చివర్లోనే ఆపేశారు. లోపలి ఇంధనం మొత్తం తీసి పై అంతస్తులోని కొలనులో పెట్టారు. కొత్తవీ పాతవీ కలిపి 1,535 కట్టలు. సునామీ వచ్చి కరెంటు పోయింది, పంపులు ఆగాయి. మార్చి 15న ఆ భవనం పైకప్పు ఎగిరిపోయింది. పేలిన హైడ్రోజన్ పక్కనున్న మూడో యూనిట్ నుంచి ఉమ్మడి గొట్టాల గుండా వచ్చిందని తర్వాత తేలింది. ఆ రోజున అది ఎవరికీ తెలియదు. కొలను ఎండిపోయి ఇంధన గొట్టాల జిర్కోనియం లోహం అంటుకుందేమోనని భయపడ్డారు. మర్నాడు అమెరికా అణు నియంత్రణ సంస్థ అధిపతి గ్రెగరీ యాజ్కో కొలనులో నీళ్లు లేవని తమ చట్టసభకు చెప్పాడు. ఎనభై కిలోమీటర్ల లోపు ఉండొద్దని తన పౌరులకు అమెరికా సలహా ఇచ్చింది. జపాన్ అణుశక్తి కమిషన్ అధ్యక్షుడు షున్‌సుకే కొందో, ప్రధాని నావొతో కాన్ కోరగా, ఘోరాతిఘోరమైతే ఏమవుతుందో అంచనా వేశాడు. అందులో జనం వెళ్లిపోవాల్సి రావచ్చన్న పరిధి 250 కిలోమీటర్లు. టోక్యో అందులోనే ఉంది.

చివరికి కొలను ఎండలేదు. ఎందుకు ఎండలేదో చూడండి. పక్కనే ఉన్న రియాక్టర్ బావి, లోపలి భాగాల మార్పిడి పని ఆలస్యం కావడంతో, ఇంకా నీళ్లతో నిండి ఉంది. కొలనులో మట్టం తగ్గేసరికి మధ్యనున్న గేటు సందుల్లోంచి అటు నీళ్లు ఇటు కారాయి. గేటు కట్టింది అందుకు కాదు. ఆ పని అనుకున్న రోజుకు పూర్తయి ఉంటే ఆ నీళ్లు అక్కడ ఉండేవి కావు. తర్వాత కాంక్రీటు పోసే పొడవాటి పంపు లారీని తెచ్చి పైనుంచి నీళ్లు కొట్టారు. కాంట్రాక్టు పని లేటవడం వల్ల ఒక మహానగరం గట్టెక్కిందంటే దాన్ని భద్రత అంటారా, జాతకం అంటారా?

అదే ఆవరణలో మరో సంగతి జరిగింది, అది మన దాకా పెద్దగా రాలేదు. ఫుకుషిమాలోనే అప్పటికి తొమ్మిది డ్రై కాస్కులు ఉన్నాయి. మందపాటి ఉక్కు పీపాలు, వాటిలో 408 పాత ఇంధన కట్టలు. వాటిని పెట్టిన భవనంలోకీ సునామీ నీళ్లు దూసుకొచ్చాయి, బురద నిండింది. పీపాలు చెక్కుచెదరలేదు. వాటికి పంపు అక్కర్లేదు, డీజిల్ జనరేటర్ అక్కర్లేదు, రాత్రి డ్యూటీ ఆపరేటర్ అక్కర్లేదు. గాలి తనంతట తాను తిరిగి చల్లబరుస్తుంది. నీళ్లలో అయిదేళ్ల పాటు చల్లారిన ఇంధనాన్ని ఇలా పీపాల్లోకి మార్చే పద్ధతి అమెరికాలో 1986 నుంచే ఉంది. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

అవతలి వాదన కూడా ఉంది. దశాబ్దాలుగా ప్రపంచమంతా కొలనులు నడుస్తున్నాయి, వాటివల్ల ఒక్క మహా ప్రమాదమూ జరగలేదు, కాబట్టి ఖర్చుపెట్టి త్వరగా ఖాళీ చేయక్కర్లేదని 2014లో అమెరికా నియంత్రణ సంస్థ నిర్ణయించింది. మనవాళ్లయితే మరో మాట కలుపుతారు: మాకది చెత్త కాదు, శుద్ధి చేసి మళ్లీ ఇంధనంగా వాడే ప్లుటోనియం తీసుకునే సరుకు అని. మొదటిదానికి జవాబు ఫుకుషిమా గేటే. రెండోదానికి వస్తే, అమెరికా నుంచి వచ్చే ఇంధనాన్ని ఇక్కడ పునశ్శుద్ధి చేసే పద్ధతి మీద 2010లో ఒప్పందం కుదిరింది. దానికి ప్రత్యేక కేంద్రం కట్టాలి. ఆ కేంద్రం ఇంకా లేదు. సరుకు అన్నంత మాత్రాన వేడి తగ్గదు కదా.

తమిళనాడులోని కూడంకుళం అణు కేంద్రంలో ఏం జరిగిందో చూశాక కూడా కొవ్వాడకు మాటలు నమ్మమంటే కష్టం. వాడిన ఇంధనానికి రియాక్టర్‌కు దూరంగా వేరే నిల్వ కేంద్రం కట్టాలన్నది 2013 మేలో సుప్రీంకోర్టు తీర్పులో ఉంది, అయిదేళ్ల గడువుతో. గడువు దగ్గరపడ్డాక నిర్వాహకులు మళ్లీ కోర్టుకెళ్లి 2022 దాకా సమయం తెచ్చుకున్నారు. 2019 జులైలో రాధాపురంలో పెట్టాలనుకున్న ప్రజాభిప్రాయ సేకరణ వాయిదా పడింది. ఈలోగా రియాక్టర్లు ఆగలేదు, కొలనులో కట్టలు చేరుతూనే ఉన్నాయి. తాత్కాలిక సచివాలయంలో ఏళ్ల తరబడి పాలన సాగించిన వాళ్లం, మనకు ఇందులో వింతేముంది అనొచ్చు. సచివాలయం చల్లబరచకపోయినా ఫర్వాలేదు, అదీ తేడా.

నిజానికి ఇది అణుశక్తి జబ్బు మాత్రమే కాదు. తయారీ మీద ఉన్న శ్రద్ధలో పదో వంతు కూడా నిల్వ మీద లేని దేశం మనది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌.ఆర్‌.వెంకటాపురంలో పన్నెండు మందిని చంపింది నడుస్తున్న ఫ్యాక్టరీ కాదు. లాక్‌డౌన్‌లో కదలకుండా ట్యాంకులో ఉండిపోయిన స్టైరీన్ అనే రసాయనం. ఎల్‌జీ పాలిమర్స్‌లో శీతలీకరణ సరిగా నడవలేదు. ట్యాంకు పైభాగంలో వేడి ఎంతుందో చెప్పే ఏర్పాటే లేదు. సైరన్ మోగలేదు. ఇవన్నీ ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చినవే. మూడు నెలలకు బీరూట్ ఓడరేవులో ఏళ్ల తరబడి పట్టించుకోని 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలింది. అప్పుడుగానీ చెన్నై పక్కన మనలిలో 2015 నుంచి దాదాపు ఏడు వందల టన్నుల అదే రసాయనం పడి ఉందని మనవాళ్లకు గుర్తుకు రాలేదు. హడావుడిగా వేలం వేసి లారీల్లో హైదరాబాద్‌కు తరలించారు. అది పట్టుబడిన సరుకు, కస్టమ్స్ అదుపులో ఉంది, కాగితాలన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే, దాన్ని ఫలానా తేదీలోగా తీసేయాల్సిన మనిషి.

తయారీకి లాభం ఉంటుంది, టార్గెట్ ఉంటుంది, మేనేజర్ ఉంటాడు, రిబ్బన్ కత్తిరించడానికి ముఖ్యమంత్రి వస్తారు. నిల్వకు ఖర్చు తప్ప ఏమీ ఉండదు. ఏ ఏడాదికా ఏడాది దాన్ని వాయిదా వేయడమే లెక్క ప్రకారం తెలివైన పని. అమెరికా ప్రభుత్వం 1998 జనవరి 31 నుంచి వాడిన ఇంధనాన్ని తీసుకెళ్తానని చట్టం చేసి మాట తప్పింది. ఇప్పటికీ శాశ్వతంగా పెట్టే చోటు లేక విద్యుత్ కంపెనీలకు వేల కోట్ల పరిహారం కడుతోంది. ధనిక దేశానికే ఆ గతి పట్టింది.

ఇప్పుడు మన చట్టం చూడండి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ‘శాంతి’ (SHANTI) అనే అణుశక్తి చట్టం అణు విద్యుత్తులోకి ప్రైవేటు కంపెనీలను రానిచ్చింది. వాడిన ఇంధనం పునశ్శుద్ధి మాత్రం కేంద్రం చేతిలోనే ఉంచింది. రియాక్టర్‌లోంచి తీసిన రోజుకూ కేంద్రం పట్టుకెళ్లే రోజుకూ మధ్య ఉండేది కొలనే. కంపెనీ తనది కాదన్నట్టు, కేంద్రం ఇంకా తన దాకా రాలేదన్నట్టు ఉండే ఆ మధ్యకాలం ఎన్నేళ్లు? కంపెనీలు శాశ్వతం కావు. కొవ్వాడకు రియాక్టర్లు ఇస్తానంటున్న అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌసే 2017లో దివాలా పిటిషన్ వేసింది.

ఆ రియాక్టర్ మోడల్ గురించి ఆ కంపెనీ గొప్పగా చెప్పేది, కరెంటు లేకపోయినా, ఆపరేటర్ చేయి పెట్టకపోయినా 72 గంటలు తట్టుకుంటుందని. మంచి డిజైనే, కాదనను. జనరేటర్లూ ఉంటాయి. కానీ 2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖ ఎన్ని రోజులు చీకట్లో ఉందో, 2018లో తిత్లీ తర్వాత ఉద్దానం ఊళ్లకు కరెంటు ఎప్పుడొచ్చిందో ఆ జిల్లాల్లో ఎవర్నడిగినా చెబుతారు. మూడు రోజులు కాదు. విరిగిన స్తంభాలు, తెగిన రోడ్లు, అందని డీజిల్... కొవ్వాడ ఉన్నది సరిగ్గా ఆ రెండు తుపాన్లు తీరం దాటిన చోట్లకు మధ్యలో.

కాబట్టి అనుమతి పత్రంలోనే రాయండి. ఏ ఇంధన కట్టా కొలనులో చల్లారడానికి కావాల్సిన అయిదేళ్ల కంటే ఎక్కువ ఉండకూడదు. చోటు చాలక కట్టల్ని దగ్గర దగ్గరగా ఇరికించడం నిషేధం కావాలి. డ్రై కాస్కుల ఆవరణకు భూమి ఇప్పుడే, ప్లాంటు నక్షాలోనే గుర్తించాలి, దాని డబ్బు ప్రతి యూనిట్ కరెంటు బిల్లులోంచి కంపెనీ ముట్టుకోలేని ఖాతాలో పడాలి. కొలను నీటి మట్టం, ఉష్ణోగ్రత రణస్థలం మండలాఫీసులో బోర్డు మీద రోజూ కనిపించాలి. ఇలా చేస్తే ఖర్చు పెరుగుతుందంటారు అణు కేంద్రాలు నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ వాళ్లు. పెరగనివ్వండి. కొవ్వాడ కరెంటు అసలు ధర ఎంతో సంతకాలు కాకముందే తెలుస్తుంది.